దొడ్డమ్మ వేసిన స్టూలు

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు తలుపు పక్కన పోయిన నెల ఒక నోటీసు అంటించారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు కింద పార్కులోని బెంచీల మీద కూర్చోరాదని, నివాసితులకు ఇబ్బందిగా ఉంటోందని, అందరూ సహకరించాలని అందులో ఉంది. కింద కమిటీ ముద్ర. నేను అప్పుడే గేటు దగ్గర కూరల బండి అతనితో వంకాయల కోసం చాలాసేపు పోట్లాడి, చివర్లో కరివేపాకు ఊరికే లాక్కుని, ఏదో రాజ్యం గెలిచినదానిలా లోపలికొస్తున్నాను. ఆ కాగితం చదివేసరికి ఒళ్ళు మండింది. మా అంతస్తులో ఇల్లు తుడిచే ఆవిడకు మోకాళ్ళ నొప్పి. ఒక ఇంటి పని అయ్యాక ఇంకో ఇంటివాళ్ళు నిద్రలేచేదాకా ఆమె కూర్చునే చోటు ఆ బెంచీ ఒక్కటే. దాని మీద కూర్చుంటే ఎవరికి ఇబ్బంది, ఏం ఇబ్బంది అని అడుగుదామని చుట్టూ చూస్తే అడగడానికి మనిషి లేడు, కాగితమే ఉంది.

ఇంట్లోకి వచ్చి సంచీ పడేస్తే, వంటింటి మూల మంచినీళ్ళ క్యాను కింద ఉన్న స్టూలు కంటపడింది. ఇనప కాళ్ళు, మెరూన్ రంగు రెక్సిన్ సీటు. ఒక కాలు కాస్త పొట్టి. బట్టల తాను లోపల ఉండే అట్టను మడిచి ఆ కాలి కింద పెట్టేది దొడ్డమ్మ. దొడ్డమ్మంటే మా అమ్మకు అక్క. ఆమె పోయాక రాజమండ్రిలో ఆమె సామాను పంచుకున్నప్పుడు ఒకరు వెండి కంచాలు తీసుకున్నారు, ఒకరు పట్టుచీరలు తీసుకున్నారు. నేను స్టూలు అడిగాను. "నీ జన్మలో మొదటిసారి బేరంలో మోసపోయావే" అని మా వదిన నవ్వింది. అంత గొప్పగా అడిగి తెచ్చుకున్నదాన్ని, ఇంటికి రాగానే దాని మీద నీళ్ళ క్యాను ఎక్కించాను. ఆ రోజు క్యాను దింపి, తడిగుడ్డతో రెక్సిన్ తుడిచి, దాని ఎదురుగా నేల మీదే కూర్చుండిపోయాను. ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నారో, కూర్చుని ఏం మాట్లాడారో వరసగా గుర్తొచ్చింది.

మాది కొట్ల మధ్య పుట్టి పెరిగిన వంశం. రాజమండ్రి తాడితోట బట్టల బజారులో మా నాన్నకు జాకెట్టు ముక్కల కొట్టు, ఎదురుగా మా మావయ్యకు లుంగీల కొట్టు. నేను నడక కంటే ముందు బేరం నేర్చుకున్నానని ఇంట్లో వెక్కిరించేవారు. అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. గుడి ముందు కొబ్బరికాయ కొనేటప్పుడు కూడా దేవుడు వింటున్నాడన్న మొహమాటం లేకుండా బేరమాడేదాన్ని. డిగ్రీ అయ్యాక, సంబంధం కుదిరేలోగా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడమెందుకని నన్ను దుబాయ్ పంపారు. బర్ దుబాయ్‌లో పెదనాన్నకూ దొడ్డమ్మకూ బట్టల కొట్టు ఉండేది. అప్పటికి మెట్రో లేదు. ఎటు చూసినా క్రేన్లే. వాటి కింద ఊరు రోజుకో రకంగా మారిపోతుంటే, మా సందు మాత్రం తాడితోటను విమానంలో తెచ్చి ఉప్పునీటి క్రీక్ ఒడ్డున దింపినట్టే ఉండేది. పక్కన అత్తరు కొట్టులోంచి బఖూర్ పొగ, మా కొట్టులోంచి సాంబ్రాణి పొగ సందు మధ్యలో కలుసుకునేవి. కెఫెటీరియా నుంచి ఏలకుల టీ వాసన, కొత్త తానుల నుంచి గంజి వాసన. ఇప్పటికీ కొత్త గుడ్డ చింపిన చప్పుడు వింటే నాకు ఏలకుల టీ తాగాలనిపిస్తుంది.

కొట్టు మీదే మేముండే ఫ్లాటు. దొడ్డమ్మ తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి, గంజి పెట్టిన నేత చీర కట్టుకుని దిగేది. షట్టర్ పైకెత్తేది పెదనాన్న. కుడికాలు లోపల పెట్టేది మాత్రం దొడ్డమ్మే. పాత పేపరుతో గాజు కౌంటరు తుడిచి, మీటరు బద్దకు పసుపుబొట్టు పెట్టి, సాంబ్రాణి వెలిగించి, ఇక బోణీ కోసం కూర్చునేది. బోణీ విషయంలో ఆమె దగ్గర హాస్యాలు చెల్లవు. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి ఉత్తి చేతులతో వెనక్కి వెళ్ళకూడదు. నష్టమొచ్చినా సరే, అడిగిన ధరకు ఇచ్చెయ్యడమే. బోణీ డబ్బు కళ్ళకద్దుకుని దేవుడి పటం దగ్గర పెట్టాకే రెండో మాట. మొదటి బేరం తప్పిపోయిన రోజు ఏ గుడ్డ చిరిగినా, ఏ బిల్లు తప్పినా, చివరికి పెదనాన్నకు జలుబు చేసినా ఆ బోణీ కాకపోవడం మీదకే తోసేది. ఈ సంగతి మా సందుకు వచ్చే తెలుగు ఆడవాళ్ళందరికీ తెలుసు. పెళ్ళి బట్టలు, పండగ బట్టలు కొనేవాళ్ళు కావాలనే షట్టర్ ఎత్తే వేళకు వచ్చి నిలబడేవాళ్ళు. నేను లోపల పళ్ళు నూరుకునేదాన్ని. వాళ్ళ తెలివికి కోపం కాదు, ఆ తెలివి నాది కానందుకు.

కొనేవాళ్ళకు మెత్తటి కుర్చీలుండేవి. వాళ్ళ వెనకే పిల్లాణ్ణి చంకనేసుకుని, సంచులు పట్టుకుని, పనిచేసే ఆడమనిషి వచ్చి తలుపు దగ్గర నిలబడేది. ఎక్కువమంది మా గోదావరి జిల్లాలవాళ్ళే. రాజోలు, ముమ్మిడివరం, పాలకొల్లు చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్ళు. అమ్మగారు తానుల మీద తానులు తిరగేయిస్తున్నంతసేపూ ఆ మనిషి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటూ నిలబడాలి. దొడ్డమ్మ మొదటి తాను విప్పకముందే కౌంటరు కింద నుంచి స్టూలు లాగి, "నువ్వు కూర్చోమ్మా ముందు, వీళ్ళు తేలేసరికి పొద్దుపోద్ది" అనేది. కొందరు అమ్మగార్లు చూడనట్టు ఊరుకునేవాళ్ళు. కొందరి మొహాలు ముడుచుకునేవి. ఒకావిడ, "పర్లేదండీ, దానికి నిలబడ్డం అలవాటే" అంది. "నాకు చూడ్డం అలవాటు లేదమ్మా" అంది దొడ్డమ్మ, తాను విప్పుతూనే.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యేదాకా కొట్టు తెరిచేవాళ్ళం కాదు. ఆ పూట షట్టర్ సగం ఎత్తి ఉంచితే, సెలవు దొరికిన ఆడవాళ్ళు ఒంగి లోపలికొచ్చేవాళ్ళు. మొదట నేను జాకెట్లు కుట్టడం నేర్పుతానని పిలిచాను. రాను రాను అది ఇంకేదో అయిపోయింది. తానుల కింద పరిచే తెల్లదుప్పటి మీద కూర్చుని ఒకరి తలకు ఒకరు నూనె రాసుకునేవాళ్ళు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు అరబీ మాటలు నేర్పేవాళ్ళు. చీపురు, బకెట్టు లాంటివి ఇళ్ళల్లో ఎలాగూ నేర్పుతారు. ఒంట్లో బాగాలేదని చెప్పడం, నేను చెయ్యలేనని చెప్పడం, నన్ను ముట్టుకోవద్దని చెప్పడం ఇక్కడ నేర్చుకునేవాళ్ళు. ఒకామె అంటే అందరూ అనేవాళ్ళు. గొంతు పెంచి అనమనేది దొడ్డమ్మ. సంఘం అన్న మాట అక్కడ ఎవరూ పైకి అనరు. ఎవరైనా అడిగితే జాకెట్టు కొలతలు తీస్తున్నామని చెప్పేవాళ్ళం. పైనుంచి పులిహోర గిన్నె దింపుతూ పెదనాన్న, "ఇన్ని కొలతలు తీస్తున్నారు, ఒక్క జాకెట్టూ బయటికి రాదేంటే" అని గొణిగేవాడు.

కొన్ని వారాలకు నాకొక సంగతి అర్థమైంది, అర్థమయ్యాక మళ్ళీ స్థిమితంగా ఉండలేకపోయాను. వచ్చేవాళ్ళలో అరబ్బుల ఇళ్ళల్లో చేసేవాళ్ళున్నారు, మలబారీ ఇళ్ళల్లో చేసేవాళ్ళున్నారు, తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చేసేవాళ్ళు లేరు. అరబ్బుల ఇళ్ళు స్వర్గాలని నేననను. ఆ దుప్పటి మీద విన్న కథలు కొన్ని ఇప్పటికీ రాయలేను. కానీ అక్కడ ఈమె పనిమనిషి. అడగడానికి ఒక పేరుంది, ఇస్తే సెలవు, ఇవ్వకపోతే లేదు. మనవాళ్ళ ఇంట్లో ఈమె పనిమనిషి కాదట, ఇంటి మనిషట. ఆ మాట వినగానే నాకు కారం పూసినట్టుండేది. ఇంటి మనిషైతే అందరితో కలిసి బల్ల దగ్గర తినాలి కదా, వంటింట్లో గట్టు పక్కన నిలబడి తినదు కదా. ఇంటి మనిషి పాస్‌పోర్టు అయ్యగారి బీరువాలో ఎందుకుంటుంది? పని చెప్పేటప్పుడు పనిమనిషి, సెలవడిగేటప్పుడు ఇంటి మనిషి. చదువుకున్నవాళ్ళు, ఆఫీసుల్లో తమకు ఒక్కరోజు సెలవు తగ్గితే ఊరుకోనివాళ్ళు, ఈ మాట ఎంత తియ్యగా అనేవాళ్ళో!

అలాంటి ఇంట్లో ఉండేది రత్నం. రాజోలు దగ్గరి మనిషి, అప్పటికి నా ఈడే. మా కొట్టుకు అతి పెద్ద బేరం వసుధగారి వెనక, ఆవిడ రెండో పిల్లను ఎత్తుకుని వచ్చేది. వసుధగారిది విజయవాడ. మొగుడికి బ్యాంకులో పెద్ద ఉద్యోగం, ఆవిడకూ ఆఫీసుంది. తెలుగువాళ్ళ పండగలన్నీ ఆవిడ చేతుల మీదే జరిగేవి. ఒక రోజు వసుధగారు అద్దం ముందు చీర చెంగు వేసుకుని చూసుకుంటుంటే, స్టూలు మీద కూర్చున్న రత్నం దొడ్డమ్మతో గొంతు తగ్గించి చెప్పింది. తన అక్క సువార్త ఫుజైరాలో ఒక అరబ్బు ఇంట్లో ముసలావిడకు చేస్తోంది. అక్కాచెల్లెళ్ళు ఒకే విమానంలో వచ్చారు. ఎయిర్‌పోర్టు బయట ఒకరిని వ్యాను ఎక్కించారు, ఒకరిని కారు ఎక్కించారు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడా ముసలావిడ చనిపోయింది. సువార్త వీసా కాన్సిల్ చేసి శనివారం ఇంటికి పంపించేస్తున్నారు.

"ఒకే దేశంలో ఉన్నావండి ఇన్నాళ్ళూ. మళ్ళీ నేనెప్పుడెల్తానో, అదెక్కడుంటాదో. ఈ సుక్కురారం ఒక్కటీ ఇప్పించండమ్మా" అంది.

ఫుజైరా ఎంత దూరం? కొండల మధ్య నుంచి వ్యానులో పోతే ఒక పూట ప్రయాణం కూడా కాదు. శుక్రవారం ఇప్పించే పని నేను నెత్తిన వేసుకున్నాను. నాకున్న విద్య ఒక్కటే కాబట్టి దాన్నే సానపట్టాను. ఫాల్స్ కుట్టిన చీరలు ఇచ్చే నెపంతో వసుధగారి ఫ్లాటుకు వెళ్ళి, ముందు కర్టెన్లు మెచ్చుకుని, పిల్లలు చిక్కారని బాధపడి, ఆపైన అసలుకు వచ్చాను. కావలసింది ఒక్క శుక్రవారం కనక, ఇక మీదట అన్ని శుక్రవారాలూ సెలవివ్వాలనీ, ఈ వారం గురువారం సాయంత్రమే పంపెయ్యాలనీ అడిగాను. సగానికి సగం కోసినా నాది నాకు మిగులుతుందని లెక్క.

వసుధగారు కోప్పడలేదు. నవ్వారు. "మా రత్నం పనిమనిషి కాదు పద్మా, మా ఇంటి మనిషి. మేం ఏ మాల్‌కెళ్ళినా అది మాతోనే. ఇంట్లో మనిషికి సెలవేంటి చెప్పు? నాకుందా ఇంట్లో సెలవు?"

కొట్లో నేర్చిన ఆఖరి అస్త్రం ఒకటుంటుంది. "సరేలెండి" అని లేచి వెనక్కి తిరిగి నడవడం. నాలుగడుగులు వెయ్యక ముందే పిలుస్తారు. నేను లేచాను, నడిచాను, చెప్పులు నిదానంగా వేసుకున్నాను, లిఫ్టు బటన్ నొక్కాను. లిఫ్టు వచ్చింది గానీ పిలుపు రాలేదు. సంచీ మరిచిపోయినట్టు నటించి నేనే వెనక్కి వెళ్ళాను. ఇంత సిగ్గుమాలిన బేరం మా వంశంలో ఎవరూ ఆడి ఉండరు. చివరికి తేలిందేమిటంటే, ఆ శుక్రవారం వాళ్ళూ రెండు కుటుంబాలతో ఫుజైరా బీచ్‌కు పిక్నిక్ వెళ్తున్నారు. పిల్లల కోసం రత్నం ఎలాగూ వస్తుంది. అక్కనే బీచ్‌కు రమ్మంటే అక్కడే ఓ అరగంట మాట్లాడుకోవచ్చు. నేను ఆ అరగంటను గంటకు లాగాను. లాగి, మొహం వెలిగిపోతుంటే బయటికొచ్చాను. తలుపు వెయ్యడానికి వచ్చిన రత్నం అంతా వంటింట్లోంచి విన్నట్టుంది.

"మా అక్క ముందర కూడా ఈ పిల్లల్ని ఎత్తుకునే నుంచోవాలాండి?" అంది. తలుపు మెల్లగా వేసింది.

కొట్టుకు వచ్చి దొడ్డమ్మకు చెప్పాను. బోణీ అయితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు కదా అని కూడా అన్నాను. దొడ్డమ్మ చింపుతున్న లైనింగు గుడ్డ సగంలో ఆపింది. "ఆ శుక్రవారం నీ సరుకేంటే? నీ దగ్గర లేని సరుకుకి ధర తగ్గించడానికి నువ్వెవరివి?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రమే పెదనాన్నకు ఎవరో ఫోన్ చేశారు. మీ కొట్లో పనివాళ్ళకు లేనిపోనివి నూరిపోస్తున్నారని, అందరూ అనుకుంటున్నారని. పెదనాన్న చెడ్డవాడు కాదు, భయస్తుడు. "ఖలాస్ అమ్మా, ఈ కొలతలు చాలించండి. ఎవడైనా వెళ్ళి మన వీసాలు చేతిలో ఉన్న కఫీల్ చెవిన వేశాడంటే కొట్టూ ఉండదు, మనమూ ఉండం" అన్నాడు. నాకూ అదే మేలనిపించింది. అరగంటను గంట చెయ్యడం తప్ప ఏమీ చేతకానిదాన్ని, నాకెందుకీ పని? తానుల వెనక కూర్చుని ముక్కు చీదుకుంటుంటే దొడ్డమ్మ వచ్చి, ఆ స్టూలు నా పక్కకు లాక్కుని కూర్చుంది. పెళ్ళయిన కొత్తలో సంగతి చెప్పింది. మావగారి కొట్లో ఆడవాళ్ళు గద్దె మీద కూర్చోకూడదు. తెర వెనక నిలబడి ముక్కలు అందించాలి. కడుపుతో ఉన్నప్పుడు కూడా అంతే. ఎంత బాగా బేరం చేసే తెలివున్నా నోరు పెగిలేది కాదట. ఇక్కడికొచ్చి ఈ కొట్టు పెట్టాకే మొదటిసారి కూర్చుని ఒకరితో మాట్లాడిందట.

"నువ్వు ఇక్కడ ఏడు, తప్పులేదు. అయ్యాక లేచి మొహం కడుక్కో. ఎల్లుండి శుక్రవారం షట్టర్ ఎత్తుతాం" అంది. పెదనాన్న విన్నాడు. షట్టర్ తాళాలు ఆమె పక్కన పెట్టి పైకి వెళ్ళాడు.

మర్నాడు గురువారం. సాంబ్రాణి ఇంకా సరిగా అంటుకోనేలేదు, వసుధగారు ఇద్దరు స్నేహితురాళ్ళతో దిగారు. ఆడపడుచు పెళ్ళికి బట్టలు. కొట్లో ఉన్న మంచి సరుకంతా పోయే బేరం. పెదనాన్న కళ్ళు మెరిశాయి. వెనక రత్నం, చంకలో పిల్ల, చేతిలో పాలసీసా సంచీ. దొడ్డమ్మ మామూలుగానే స్టూలు లాగింది. రత్నం అమ్మగారి వంక చూసింది, దొడ్డమ్మ వంక చూసింది, పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. తానులు దిగాయి. జరీ, టిష్యూ, క్రేప్ కౌంటరంతా పరుచుకున్నాయి. అన్నీ ఎంచుకున్నాక వసుధగారు ఒక ధర చెప్పారు. అది కొన్న ధర కూడా కాదు. చెప్పి, నవ్వి, "బోణీ బేరం ఆంటీ, మీరు కాదనరుగా" అన్నారు.

దొడ్డమ్మ కాదనలేదు. అవుననలేదు. జరీ గుడ్డ అంచులు కలిపి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి మడిచి పక్కన పెట్టింది, రెండోది అందుకుంది. బోణీ బేరం ముందు పెట్టుకుని గుడ్డ వెనక్కి మడవడం నేను పుట్టాక చూడలేదు. పెదనాన్న చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"మీరడిగిన ధరకే ఇస్తానమ్మా. అంతకంటే తక్కువడిగినా ఇస్తాను. ముందు రేపు రత్నాన్ని వాళ్ళక్క దగ్గరికి పంపుతానని చెప్పండి. పిల్లలు లేకుండా. పొద్దున్నుంచి రాత్రిదాకా. చెప్పకపోతే ఈ రోజు మీతో నాకు బోణీ వద్దు."

వసుధగారు ఎర్రబడ్డారు. "ఏంటాంటీ ఇది? ఓ పనమ్మాయి కోసం ఇంత బేరం పోగొట్టుకుంటారా?"

"ఇంటి మనిషని చెప్పారంట కదమ్మా నిన్న మా పిల్లతో" అంది దొడ్డమ్మ, మడత ఆపకుండా.

పక్కనున్న స్నేహితురాళ్ళు ఇద్దరూ కౌంటరు మీద లేని దారప్పోగులు ఏరడం మొదలుపెట్టారు. అప్పుడు మాట్లాడింది రత్నం. ఆమె లేవలేదు. పిల్ల జుట్టు సవరిస్తూ, కూర్చునే, అమ్మగారి మొహంలోకి చూసి అంది.

"అమ్మగారండి, రేపు నేను ఫుజైరా ఎల్తానండి. ఒక్కదాన్నే ఎల్తాను. ఎల్లుండి మీరు లేచేసరికి పన్లో ఉంటాను. ఈవాళ మీరు కాదంటే మీ ఇంట్లో ఇంకేవీ అడగనండి, సేసేదీ సెయ్యను."

అడగడం కాదది. చెప్పడం. నేను నేర్చిన ఏ బేరంలోనూ ఆ గొంతు లేదు. వసుధగారు చుట్టూ చూశారు. స్నేహితురాళ్ళలో ఒకావిడ, "పంపెయ్ వసుధా, గొడవెందుకు. పిల్లల దగ్గరికి మా దాన్ని పట్టుకొస్తాలే" అంది. ఆ మాటకు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకామెకు ఇచ్చే సెలవు ఇంకొకామె నెత్తి మీద వెయ్యడం తప్ప ఇంకో దారి వాళ్ళ ఊహకు కూడా రాలేదు. తమ పిల్లల్ని తాము ఒక్క రోజు ఎత్తుకోవచ్చన్న సంగతి ఆ ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ వాక్యం రాస్తుంటే నా చెయ్యి వేడెక్కుతోంది.

"సరే, వెళ్ళనీ" అన్నారు వసుధగారు. బట్టలు మాత్రం కొనలేదు. లేచి వెళ్ళిపోయారు. రత్నం వెనకే వెళ్తూ తలుపు దగ్గర ఆగి, కొంగు ముడి విప్పి, అక్కకొక జాకెట్టు ముక్క ఇమ్మంది. ఆకుపచ్చ. దొడ్డమ్మ దేవుడి పటం దగ్గర చోటు చేసి, ఆ డబ్బు కళ్ళకద్దుకుని అక్కడ పెట్టింది. పెదనాన్న అప్పటికి టీ తాగాడు. చల్లారిపోయిందని కెఫెటీరియావాణ్ణి తిట్టాడు.

మర్నాడు నేనూ తోడు వెళ్ళాను. వసుధగారి భర్త పాస్‌పోర్టు ఇవ్వలేదు గానీ జిరాక్సు కాగితాలు వాచ్‌మన్ చేతికిచ్చి పంపాడు. వ్యాను ఇసక దాటి, రాళ్ళ కొండల్లోకి మలుపులు తిరుగుతున్నంతసేపూ రత్నం ఆకుపచ్చ ముక్క ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఫుజైరాలో చేపల మార్కెట్టు పక్క కెఫెటీరియా ముందు సువార్త నిలబడి ఉంది. నేను పెద్ద ఏడుపులు వింటానని లోపల సిద్ధపడ్డాను. వాళ్ళు కావలించుకోలేదు కూడా. "ఏంటే, నీ జుట్టంతా ఏవైపోయింది?" అంది అక్క. "నువ్వు మాత్రం బలిసిపోయావే, అరబ్బోళ్ళ బిర్యానీ పడిందేంటి?" అంది చెల్లెలు. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి తిట్టుకుంటూ నవ్వుతుంటే, నేను పక్కకు తిరిగి సముద్రం ఎటుందో వెతుక్కున్నాను.

సువార్త ఎరిగిన ఒక క్వారీ డ్రైవరు భార్య తన గది తాళం ఇచ్చిపోయింది. చేపల పులుసు వండుకున్నారు. చింతపండు ఎక్కువైందని మళ్ళీ తగువు. తిన్నాక చాప పరిచారు. ఇక మాట్లాడుకుంటారు, ఇన్నేళ్ళవీ చెప్పుకుంటారు అనుకున్నాను. రత్నం అక్క తలకు నూనె రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ కునికింది. అక్క ఆమె తల దిండు మీదకు జార్చి, తనూ పక్కన ఒరిగింది. ఇద్దరూ నిద్రపోయారు. ఎండ గోడ మీద నుంచి నేల మీదకు దిగింది, సాయంత్రం అసరు నమాజు పిలుపు వినిపించింది, వాళ్ళు కదల్లేదు. ఒకే దేశంలో ఉండి ఇన్నేళ్ళకు కలుసుకున్న తోబుట్టువులు, ఇక ఎప్పుడు కలుస్తారో తెలియనివాళ్ళు, ఆ ఉన్న కాస్త పొద్దునూ నిద్రపోయారు. అంత నిద్ర బాకీ పడి ఉంది వాళ్ళ ఒళ్ళకు. నేను గంట బేరమాడి తెచ్చిన మనిషిని. ఆ గంట బీచ్‌లో, ఇసకలో, పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉంటే ఈ నిద్ర ఎక్కడుండేది? ఈగలు వాలకుండా అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను. నా జన్మలో అంత కోపంగా ఎప్పుడూ లేను. అంత ధైర్యంగానూ లేను. ఆ రెండూ ఒకేసారి ఉంటాయని ఆ గదిలోనే తెలిసింది.

తిరుగు వ్యానులో రత్నాన్ని అడిగాను, నిన్న అమ్మగారి ముందు అంత మాట అనడానికి భయం వెయ్యలేదా అని.

"ఎందుకెయ్యదండి. ఎప్పుడు అడుగుదావన్నా కాళ్ళు వణికేసేవి. నిన్న కూర్చున్నాను కదండి" అంది.

ఆ తర్వాత లోకమేమీ తలకిందులు కాలేదు. రత్నం కొన్ని శుక్రవారాలు వచ్చేది, కొన్ని వచ్చేది కాదు. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు తెలుగిళ్ళ నుంచి రావడం మొదలుపెట్టారు. వసుధగారు చాలాకాలం మా కొట్టు వైపు తిరిగి చూడలేదు. చివరికి సందంతా తిరిగినా దొడ్డమ్మ ధరకు ఎవరూ ఇవ్వకపోవడం వల్ల మళ్ళీ వచ్చారు. వచ్చి, రత్నానికి స్టూలు వెయ్యడం చూస్తూ ఊరుకున్నారు. ఇల్లు తర్వాత ఇల్లు నేను వెళ్తూనే ఉన్నాను. చాలా చోట్ల లిఫ్టు వచ్చేది, పిలుపు వచ్చేది కాదు. కానీ అరగంటను గంట చెయ్యడం మానేశాను. ఒక రోజు అడిగేదాన్ని, ఇవ్వకపోతే వచ్చేసేదాన్ని, మళ్ళీ వారం వెళ్ళేదాన్ని. కాళ్ళీడ్చుకుంటూ కొట్టుకు వస్తే, దొడ్డమ్మ నన్నూ ఆ స్టూలు మీదే కూర్చోబెట్టి టీ తెప్పించేది.

తర్వాత దొడ్డమ్మ వాళ్ళు కొట్టు ఎత్తేసి, స్టూలుతో సహా రాజమండ్రి వచ్చేశారు. ఇప్పుడక్కడ ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారట. అక్కడ సెలవు ఆదివారానికి మారిందని కూడా విన్నాను. సెలవు ఏ రోజుకు మారినా, అది ఎవరికి వస్తుందన్నది మారిందో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు. ఇక్కడ మాత్రం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ నోటీసు గురించి మాట్లాడదామని మా అపార్ట్‌మెంటు మీటింగుకు వెళ్ళాను. సెక్రటరీగారు ఎంతో మర్యాదగా, "వాళ్ళంతా మన ఇంటి మనుషుల్లాంటి వాళ్ళే మేడమ్, కానీ రూల్ అంటే రూల్ కదా" అన్నారు. సముద్రం దాటి ఇంత దూరం వచ్చినా ఆ మాట ముందే వచ్చి నా కోసం కాచుకుని కూర్చుంది. పోనీ రోజూ పొద్దున పూట ఒక రెండు గంటలు బెంచీ మీద కూర్చోనిద్దాం అని ఎవరో రాజీ చెప్పారు. నాలోని తాడితోట ఒక్క క్షణం తల ఎత్తింది, రెండును నాలుగు చేద్దామని. దాన్ని అక్కడే కూర్చోబెట్టాను. "దీంట్లో బేరం లేదండీ" అన్నాను. నవ్వారు. వంకాయల దగ్గర నా సంగతి వాళ్ళందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే స్టూలు కిందికి దింపి, లిఫ్టు పక్కన, ఆ నోటీసు కిందే వేశాను. పొట్టి కాలి కింద అట్ట మడిచి పెట్టాను. మధ్యాహ్నానికి ఎవరో తీసి మెట్ల కిందకు తోశారు. మళ్ళీ తెచ్చి వేశాను. మళ్ళీ తోశారు. ఇలా చాలా రోజులు నడిచింది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. కూర్చోవాల్సినవాళ్ళు దాన్ని చూసి, నన్ను చూసి, నిలబడే ఉన్నారు.

ఈ ఉదయం పాలకని దిగాను. మోకాళ్ళ నొప్పి ఆవిడ స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని ఉంది. సెక్రటరీగారు లిఫ్టులోంచి బయటికొచ్చి ఆమె ముందు ఆగారు. ఆమె ఆయన్ని చూసింది, లేవలేదు.

నేను పాలప్యాకెట్టు కళ్ళకద్దుకున్నాను. బోణీ అయింది.